కడుపులో పుండు: నొప్పి పోవడం వేరు, జబ్బు పోవడం వేరు

పరగడుపున గ్యాస్ మాత్ర మొదలుపెడితే మూడు నాలుగు రోజులకే కడుపులో మంట తగ్గుముఖం పడుతుంది. వారం తిరిగేసరికి మనిషి మామూలుగా అన్నం తింటాడు. చాలామందికి అల్సర్ వైద్యం అక్కడితో సరి. ఆ రోజున ఎండోస్కోపీ (నోట్లోంచి కెమెరా గొట్టం పంపి చూసే పరీక్ష) చేస్తే మాత్రం పుండు ఇంకా అక్కడే కనిపిస్తుంది. ఆంత్రమూలంలో, అంటే చిన్నపేగు మొదట్లో ఉన్న పుండు పూడటానికి మంచి మందుతో కూడా సుమారు నాలుగు వారాలు పడుతుంది. జీర్ణాశయంలోనిదైతే ఎనిమిది వారాలు. పూడాక కూడా, దాన్ని పుట్టించిన కారణం లోపలే ఉండిపోతే ఏడాదిలోగా సగానికి పైగా మందిలో అది తిరగబెడుతుంది. మంటకు వేసే మందు, పుండును మాన్పే మందు, జబ్బును తీసేసే మందు ఒకటేనని అనుకోవడం వల్లే ఏళ్ల తరబడి గ్యాస్ మాత్రలు మింగుతూ గడిపేస్తున్నాం.

జీర్ణాశయంలో ఊరే ఆమ్లం చాలా ఘాటైనది. పరగడుపున దాని పీహెచ్ 1, 2 మధ్య ఉంటుంది. మాంసాన్ని అరిగించే ఆ ద్రవం తన చుట్టూ ఉన్న గోడను ఎందుకు అరిగించదు? గోడ మీద పలచటి జిగురుపొర, ఆ జిగురులోకి ఊరే బైకార్బనేట్ క్షారం, గోడలో ధారాళంగా పారే రక్తం, కొద్ది రోజులకోసారి పాతవి రాలి కొత్తవి వచ్చే పైకణాలు, ఇవన్నీ కలిసి దాన్ని కాపాడతాయి. వీటిని నడిపించే రసాయనాలు ప్రోస్టాగ్లాండిన్లు. ఈ పేరు గుర్తుంచుకోండి, నొప్పి మాత్రల దగ్గర మళ్ళీ వస్తుంది. ఈ రక్షణ ఒకచోట తెగితే ఆమ్లం అక్కడ గోడను తినడం మొదలుపెడుతుంది. పైపైన ఒరుసుకుపోతే దాన్ని ఎరోజన్ అంటారు. పైపొరను దాటి లోతుకు దిగితేనే అల్సర్. ఎండోస్కోపీ రిపోర్టులో ‘ఎరోజివ్ గ్యాస్ట్రైటిస్’ (పైపై ఒరుపుతో కూడిన జీర్ణాశయపు వాపు) అన్న మాట చూసి తనకు అల్సర్ ఉందని పదేళ్లుగా చెప్పుకునేవాళ్లు మన బంధువుల్లో ఒక్కరైనా ఉంటారు.

ఆంత్రమూలం పుండు నొప్పి తిన్న రెండు మూడు గంటల తర్వాత, కడుపు ఖాళీ అయ్యాక మొదలవుతుంది. అర్ధరాత్రి దాటాక నిద్ర లేపుతుంది. రెండు బిస్కెట్లు తింటే సర్దుకుంటుంది. జీర్ణాశయం పుండైతే తిన్న కాసేపటికే నొప్పి, అందుకని తినడానికి భయపడి మనిషి చిక్కిపోతాడు. పుస్తకాలు ఇలా విడదీసి చెబుతాయి గానీ నిజం రోగులు ఇంత క్రమశిక్షణగా ఉండరు. అల్సర్ లాంటి బాధతో వచ్చినవారిలో ఎక్కువమందికి ఎండోస్కోపీలో పుండే కనిపించదు. పెద్ద వయసువాళ్లలో, నొప్పి మాత్రలు వాడేవాళ్లలో దీనికి పూర్తిగా వ్యతిరేకం: ఏ నొప్పీ లేకుండా పుండు పెరుగుతూ, ఒక రోజు రక్తస్రావంతోనే బయటపడుతుంది.

ఈ జబ్బు నడకలో ఇంకో గుణం ఉంది. కొన్ని వారాలు వేధించి, ఏ మందూ లేకపోయినా తనంతట తానే సద్దుమణిగి, నెలల తరబడి జాడ లేకుండా పోయి మళ్ళీ వస్తుంది. అల్సర్ మందుల మీద పరీక్షలు జరిపినప్పుడు ఉత్తుత్తి మాత్ర మింగినవారిలో కూడా మూడో వంతు మందికి నెల రోజుల్లో ఆంత్రమూలం పుండు మానింది. ఏ ఆకుపసరు తాగినవాడైనా, ఏ తాయెత్తు కట్టుకున్నవాడైనా ‘నాకు తగ్గింది’ అని ఒట్టేసి చెప్పగలగడం వెనక ఉన్న లెక్క ఇదే. వాళ్లు అబద్ధం చెప్పడం లేదు. ఆ రెండో రాక గురించి మాత్రం ఎవరూ చెప్పరు.

ఆమ్లం మీద డెబ్బై ఏళ్ల యుద్ధం

ఆమ్లం లేనిదే పుండు లేదని 1910లో జాగ్రెబ్ సర్జన్ కార్ల్ ష్వార్ట్జ్ తేల్చాడు. ఆ సూత్రం తప్పు కాదు, కాకపోతే సగం నిజం. ఆ తర్వాత వైద్యమంతా ఆమ్లం చుట్టూనే తిరిగింది. 1915లో షికాగో వైద్యుడు బెర్ట్రమ్ సిప్పీ గంట గంటకూ పాలు, మీగడ, మధ్యమధ్యలో క్షారపు పొడులు ఇచ్చే పథ్యం పెట్టాడు. అల్సర్‌కు పాలు మంచివన్న నమ్మకం మన ఇళ్లలోనూ గట్టిగానే ఉంది. పాలు తాగగానే హాయిగా ఉండటం నిజమే. కానీ పాలలోని కాల్షియం, మాంసకృత్తులు కాసేపటికి ఆమ్లాన్ని మరింత ఊరించడమూ నిజమే.

పథ్యం పనిచేయనివారికి కత్తి. ఆమ్లాన్ని ఊరించే వేగస్ నరాన్ని కోసేసి, జీర్ణాశయాన్ని నేరుగా చిన్నపేగుకు కలిపే ఆపరేషన్ ఒక తరం పాటు సర్వసాధారణం. దక్షిణ భారతంలో వరి తినే ప్రాంతాల్లో ఆంత్రమూలం పుండ్లు గోధుమ తినే ఉత్తరాది కంటే ఎక్కువని అప్పటి వైద్యులు గమనించారు. పుండు మాని, రేగి, మళ్ళీ మాని, ఆ మచ్చలతో దారి ముడుచుకుపోయి, నిన్న తిన్న అన్నం ఈ రోజు వాంతిలో కనిపించే దశలో రోగులు ఆసుపత్రి చేరేవారు. కడుపు మీద నిలువు కోత మచ్చ ఉన్న ముసలివాళ్లను అడిగి చూడండి, కొందరు అల్సర్ ఆపరేషన్ అనే చెబుతారు.

1976లో బ్రిటన్‌లో సిమెటిడిన్ అనే మందు వచ్చాక ఆపరేషన్లు తగ్గడం మొదలైంది. ఆమ్లకణాలకు, అంటే ఆమ్లాన్ని ఊరించే కణాలకు, హిస్టమిన్ అనే రసాయనం ఇచ్చే సంకేతాన్ని అది అడ్డుకుంటుంది. దాన్ని కనిపెట్టిన జేమ్స్ బ్లాక్‌కు 1988లో నోబెల్ బహుమతి దక్కింది. 1981లో వచ్చిన రానిటిడిన్ మన ఊళ్లలో జిన్‌టాక్, రాంటాక్ పేర్లతో ప్రతి ఇంటి అలమారలోకీ చేరింది. ఎన్‌డీఎంఏ అనే క్యాన్సర్ కారక కల్మషం దొరకడంతో 2020లో అమెరికా దాన్ని మార్కెట్ నుంచి తీసేయించింది. 2022లో మన అత్యవసర మందుల జాబితా నుంచి కూడా పోయింది. ఆ తరం మందుల్లోనిదే ఫామోటిడిన్. 1988లో స్వీడన్ నుంచి ఒమెప్రజోల్ వచ్చింది. హైదరాబాద్‌కు చెందిన డాక్టర్ రెడ్డీస్ దాన్ని ఒమెజ్‌గా తెచ్చాక తెలుగువాళ్లకు ఆ పేరు డోలో అంత చనువైపోయింది.

ఇన్ని వచ్చినా ఒకటి మారలేదు. మందు ఆపితే పుండు మళ్ళీ వచ్చేది. జీవితాంతం మింగాల్సిన మందు కంపెనీలకు బంగారు బాతు, అది వేరే సంగతి.

పెర్త్‌లో ఒక ఈస్టర్ సెలవు

ఆస్ట్రేలియాలోని రాయల్ పెర్త్ హాస్పిటల్‌లో రాబిన్ వారెన్ అనే పాథాలజిస్టు 1979లో జీర్ణాశయపు ముక్కల్లో వంకర తిరిగిన సూక్ష్మజీవులను గమనించాడు. అంత ఆమ్లంలో ఏ క్రిమీ బతకదని అందరూ పాఠాలు చదువుకున్న రోజులవి. రెండేళ్లకు బ్యారీ మార్షల్ అనే కుర్ర డాక్టరు ఆయనతో కలిశాడు. ఆ క్రిమిని ప్రయోగశాలలో పెంచాలని ఎంత చూసినా పెరగలేదు. రెండు రోజులకు ఏమీ కనిపించకపోతే ప్లేట్లు పారేయడం అక్కడి అలవాటు. 1982 ఈస్టర్ సెలవులకు ల్యాబ్ మూసి ఉండటంతో ప్లేట్లు అయిదు రోజులు అలాగే ఉండిపోయాయి. తెరిచి చూస్తే క్రిమి పెరిగి ఉంది.

ఎవరూ నమ్మకపోవడంతో 1984లో మార్షల్ ఆ క్రిముల ద్రవాన్ని తానే తాగేశాడు. కొద్ది రోజులకు వాంతులు, నోటి దుర్వాసన. ఎండోస్కోపీలో జీర్ణాశయం వాచి ఉంది, ముక్కలో క్రిమి ఉంది. ‘అల్సర్ తెచ్చుకున్నాడు’ అని చాలాచోట్ల రాస్తుంటారు. ఆయనకు వచ్చింది గ్యాస్ట్రైటిస్ మాత్రమే, పుండు కాదు. యాంటీబయాటిక్స్‌తో క్రిమిని తీసేస్తే పుండు తిరగబెట్టదని తర్వాతి పరీక్షల్లో రుజువైంది. 1994లో అమెరికా ఆరోగ్య సంస్థల నిపుణుల సదస్సు దాన్ని ఒప్పుకుంది. 2005లో ఇద్దరికీ నోబెల్ వచ్చింది.

హెలికోబాక్టర్ పైలోరీ అనే ఈ క్రిమి యూరియేజ్ అనే ఎంజైమ్‌తో యూరియాను అమ్మోనియాగా మార్చి, తన చుట్టూ ఆమ్లం విరిగిపోయేలా చేసుకుంటుంది. తోకలతో ఈదుకుంటూ జిగురుపొర అడుగుకు చేరి అక్కడ కాపురం పెడుతుంది. ఎక్కువగా చిన్నతనంలోనే, ఇంట్లో వాళ్ల నుంచే అంటుకుంటుంది. మన దేశంలో పెద్దవాళ్లలో సగానికి పైగా దీన్ని మోస్తున్నారు. వారిలో పదిమందికి ఒకరికో ఇద్దరికో మాత్రమే జీవితంలో ఎప్పుడైనా పుండు వస్తుంది.

మరి మిగతావారికి ఎందుకు రాదు? ఇందులో నాకు అన్నిటికంటే ఆసక్తి కలిగించే సంగతి, ఆ క్రిమి రేపిన వాపు జీర్ణాశయంలో ఏ భాగంలో ఉందనేది. కింది భాగంలో వాపు ఉంటే గ్యాస్ట్రిన్ అనే హార్మోను అదుపు తప్పుతుంది. పై భాగంలోని ఆరోగ్యమైన ఆమ్లకణాలు ఆ ఆజ్ఞకు లొంగి మరింత ఆమ్లాన్ని కుమ్మరిస్తాయి, అది ఆంత్రమూలంలో పడి అక్కడ పుండు చేస్తుంది. అదే వాపు పై భాగమంతా పాకితే ఆమ్లకణాలే చచ్చిపోతాయి. ఆమ్లం తగ్గుతుంది, గోడ పలచబడుతుంది, జీర్ణాశయంలో పుండు రావచ్చు, దశాబ్దాల తర్వాత కొందరిలో క్యాన్సర్ కూడా. ఒకే క్రిమి ఒకరిలో ఆమ్లాన్ని పెంచి, ఇంకొకరిలో తగ్గించి, రెండు దారుల్లోనూ కీడు చేస్తుంది. ఆంత్రమూలం పుండు ఉన్నవారికి జీర్ణాశయ క్యాన్సర్ అరుదుగా రావడానికి కారణం ఇక్కడే ఉంది. జీర్ణాశయంలో పుండు కనిపిస్తే ముక్క తీసి పరీక్షించడం, ఎనిమిది వారాల తర్వాత మళ్ళీ ఎండోస్కోపీ చేయడం కూడా ఇందుకే. అది డాక్టరు బిల్లు పెంచడానికి అనుకునేవాళ్లున్నారు. కాదు. మానని పుండు క్యాన్సర్ కావచ్చు.

మాత్ర తిండికి ముందే ఎందుకు

ఒమెప్రజోల్, పాంటోప్రజోల్, రాబెప్రజోల్, ఎసొమెప్రజోల్ అన్నీ ఒకే కుటుంబం. వీటిని పీపీఐలు అంటారు. ఇవి కడుపులో ఉన్న ఆమ్లం మీద పనిచేయవు. మాత్ర జీర్ణాశయాన్ని దాటి పేగులో కరిగి, రక్తంలో కలిసి, వెనక నుంచి ఆమ్లకణాలను చేరుతుంది. ఆ కణంలో ఆమ్లాన్ని బయటికి తోసే పంపులు ఉంటాయి. పనిచేస్తున్న పంపు పక్కన ఉన్న గాఢమైన ఆమ్లంలోనే ఈ మందు మేల్కొని ఆ పంపుకు శాశ్వతంగా అతుక్కుంటుంది. నిద్రపోతున్న పంపును ఏమీ చేయలేదు. రాత్రంతా ఉపవాసం తర్వాత టిఫిన్ తినగానే పంపులు ఒక్కసారిగా లేస్తాయి. ఆ సమయానికి మందు రక్తంలో సిద్ధంగా ఉండాలి. టిఫిన్‌కు అరగంట నుంచి గంట ముందు వేసుకోమనడం అందుకే. మందు రక్తంలో ఒకటి రెండు గంటలకు మించి నిలవదు. ఉదయం మాత్ర వేసుకుని మధ్యాహ్నం దాకా ఏమీ తినకపోతే సగం వృథా. భోజనం చేశాక వేసుకున్నా అంతే.

అన్ని పంపులూ మొదటి రోజే చిక్కవు. పూర్తి ప్రభావానికి మూడు నుంచి అయిదు రోజులు పడుతుంది. పెళ్లి భోజనం అయ్యాక మంట పుట్టినప్పుడు జేబులోంచి తీసి ఒక ‘పాన్ 40’ వేసుకునేవారికి ఆ రాత్రి ఉపశమనం ఇచ్చేది ఆ మాత్ర కాదు, కాలమే. ఆ పూటకు జెలుసిల్, డైజీన్ లాంటి యాంటాసిడ్లే నయం. అవి ఉన్న ఆమ్లాన్ని వెంటనే విరిచేస్తాయి, గంటా గంటన్నరకు వాటి పని అయిపోతుంది. సుక్రల్‌ఫేట్ సిరప్ ఇంకో రకం. పుండు అడుగున అంటుకుని పొరలా కాపాడుతుంది, అందుకే దాన్నీ ఖాళీ కడుపునే తాగాలి. అది తాగిన రెండు గంటల లోపు వేరే మాత్రలు వేసుకోకూడదు, వాటిని ఒంటికి పట్టనివ్వదు. జపాన్‌లో 2015లో వచ్చిన వొనొప్రజాన్ ఇప్పుడు మన షాపుల్లోనూ దొరుకుతోంది. దానికి ఆమ్లంలో మేల్కొనే అవసరం లేదు, తిండితో సంబంధం లేకుండా మొదటి రోజు నుంచే పనిచేస్తుంది. పీపీఐతో డోంపెరిడోన్ అనే వాంతుల మందు కలిపి అమ్మే ‘డి’ మాత్రల గురించి ఒక్క మాట: పుండు మానడానికి డోంపెరిడోన్ అవసరం లేదు, గుండె లయ సమస్య ఉన్నవారికి అది ప్రమాదం కూడా.

క్రిమిని తీయడం

క్రిమి ఉందని తేలితే 14 రోజుల కోర్సు. పీపీఐ రోజుకు రెండుసార్లు, దాంతో అమాక్సిసిలిన్, క్లారిత్రోమైసిన్. లేదా పీపీఐ, బిస్మత్, టెట్రాసైక్లిన్, మెట్రోనిడజోల్ నాలుగూ కలిపి. ఇప్పుడు మొగ్గు రెండో దాని వైపుకు పోతోంది, ఎందుకంటే క్లారిత్రోమైసిన్‌కు లొంగని క్రిములు పెరిగాయి. మెట్రోనిడజోల్ సంగతి మన దగ్గర మరీ దారుణం. కడుపు కొంచెం కదిలినా దాన్ని అడిగి కొనుక్కున్న జనాభా మనది, పైలోరీ దానికి ఎప్పుడో అలవాటు పడిపోయింది. అయినా ఎక్కువ మోతాదులో, బిస్మత్ తోడుంటే పనిచేస్తుంది.

ఆ రెండు వారాలు సులువుగా గడవవు. నోరు చేదు, వికారం, విరేచనాలు. బిస్మత్‌తో నాలుకా మలమూ నల్లబడతాయి, అది రక్తం కాదు. ఏడో రోజున ‘ఇక చాలు’ అనిపిస్తుంది. అక్కడ ఆపినవారిలో మిగిలిన క్రిములు మొండివి. రెండోసారి వైద్యం కష్టమవుతుంది.

కోర్సు అయ్యాక క్రిమి పోయిందో లేదో చూడటం మన దగ్గర తరచూ వదిలేసే పని. యాంటీబయాటిక్స్ ముగిసిన నాలుగు వారాల తర్వాత, పీపీఐ కనీసం రెండు వారాలు ఆపి, శ్వాస పరీక్ష గానీ మల పరీక్ష గానీ చేయాలి. పీపీఐ వాడుతుండగా చేస్తే క్రిమి దాక్కుని పరీక్ష తప్పుగా ‘లేదు’ అంటుంది. ఎండోస్కోపీ ముక్కతో చేసే యూరియేజ్ పరీక్షకూ ఇదే చిక్కు. నెలల తరబడి సొంతంగా గ్యాస్ మాత్ర వాడి, ఆ సంగతి డాక్టరుకు చెప్పకుండా ఎండోస్కోపీకి వెళ్లినవారి రిపోర్టులో ‘నెగెటివ్’ అని ఉంటే దాన్ని గట్టిగా నమ్మలేం. రక్తంలో యాంటీబాడీ పరీక్ష ఇందుకు పనికిరాదు. క్రిమి పోయినా యాంటీబాడీలు చాలాకాలం ఉంటాయి.

ఇంజెక్షన్ అయితే కడుపుకు ఏమీ కాదా?

క్రిమి తర్వాత రెండో పెద్ద కారణం నొప్పి మాత్రలు. డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్, నాప్రోక్సెన్, ఆస్పిరిన్ వగైరా. ప్రోస్టాగ్లాండిన్ల తయారీని ఆపడం వల్లే ఇవి నొప్పిని తగ్గిస్తాయి. 1971లో జాన్ వేన్ ఈ సంగతి కనిపెట్టాడు. మోకాలిలో నొప్పి పుట్టించే ప్రోస్టాగ్లాండిన్ తగ్గుతుంటే, జీర్ణాశయాన్ని కాపాడే ప్రోస్టాగ్లాండిన్ కూడా తగ్గుతుంది. ఇది రక్తం ద్వారా జరిగే పని. కాబట్టి మాత్రకు బదులు ఆర్‌ఎంపీ దగ్గర సూది వేయించుకుంటే కడుపుకు ఏమీ కాదన్నది భ్రమ. పూత పూసిన మాత్రలు, అన్నం తిన్నాక వేసుకోవడం కూడా మంటను తగ్గిస్తాయి తప్ప పుండును ఆపవు. 65 దాటినవారికి, ఇదివరకు పుండు వచ్చినవారికి, రక్తం పలచబరిచే మందులు లేదా స్టెరాయిడ్లు వాడేవారికి ముప్పు ఎన్నో రెట్లు. మోకాళ్ల నొప్పులకు ఊళ్లలో ఇచ్చే కాగితం పొట్లంలో తరచూ ఆ స్టెరాయిడూ నొప్పి మాత్రా రెండూ ఉంటాయి. పారాసిటమాల్‌తో ఈ బాధ చాలా తక్కువ.

ఇక మిరపకాయ. గుంటూరు కారం తింటే అల్సర్ వస్తుందని డాక్టర్లు కూడా అంటుంటారు. కారం పుండును పుట్టిస్తుందనడానికి ఆధారం లేదు. ఉన్న మంటను పెంచవచ్చు, కాబట్టి పడనివారు మానుకోవచ్చు. పొగతాగడం మాత్రం వేరే సంగతి: పుండు మానడాన్ని ఆలస్యం చేస్తుంది, తిరగబెట్టిస్తుంది. రోజువారీ టెన్షన్ ఒక్కటే కారణం కాదు గానీ, మానసిక ఒత్తిడికి ఏ పాత్రా లేదనీ అనలేం. 1995లో జపాన్‌లో కోబే ప్రాంతపు భూకంపం తర్వాత అక్కడ రక్తం కారే పుండ్లు పెరిగాయి.

ఇంట్లో కూర్చోకూడని సందర్భాలు

తారులా నల్లగా, జిగటగా, దుర్వాసనతో విరేచనమైతే పుండు నుంచి రక్తం కారుతోందని అర్థం. ఐరన్ మాత్రలతోనూ మలం నల్లబడుతుంది గానీ ఆ జిగట, ఆ వాసన ఉండవు. వాంతిలో ఎర్రటి రక్తమో, కాఫీ పొడి లాంటి ముద్దలో పడినా అంతే. కళ్లు తిరగడం, చల్లటి చెమటలు ఉంటే క్షణం ఆగకూడదు. ఎండోస్కోపీ ద్వారానే రక్తనాళానికి క్లిప్పు వేసో, వేడితో మాడ్చో, సూదిమందు ఇచ్చో రక్తాన్ని ఆపి, ఆ తర్వాత మూడు రోజుల పాటు నరంలోకి పీపీఐ ఎక్కిస్తారు. పుండు గోడకు చిల్లు పడితే నొప్పి నిమిషాల్లో కడుపంతా పాకుతుంది, పొట్ట చెక్కలా బిగుసుకుపోతుంది, కదిలితే భరించలేరు. దానికి మాత్రలతో పనికాదు, ఆపరేషనే. ఇలాంటి వేళ ‘గ్యాస్ పట్టింది’ అని సోడా తాగించి గంటలు పోగొట్టుకోవడం ప్రాణాల మీదికి వస్తుంది.

ఎంతకాలం వాడాలి

క్రిమి పోయిందని తేలిన మామూలు ఆంత్రమూలం పుండుకు, కోర్సు పూర్తయ్యాక చాలామందికి పీపీఐ అవసరమే ఉండదు. నెలల తరబడి వాడి ఒక్కసారిగా ఆపితే కొన్ని వారాలు ఆమ్లం మునుపటి కంటే ఎక్కువగా ఊరుతుంది. ఆ మంటను జబ్బు తిరగబెట్టిందనుకుని మళ్ళీ మొదలుపెడతారు, ఆ చక్రం అలా తిరుగుతూనే ఉంటుంది. మోతాదు తగ్గించుకుంటూ, మధ్యలో ఫామోటిడిన్‌తోనో యాంటాసిడ్‌తోనో నెట్టుకొస్తే సర్దుకుంటుంది. ఏళ్ల వాడకంతో బీ12, మెగ్నీషియం తగ్గవచ్చు, ఎముకలు విరిగే ముప్పు కొంచెం పెరగవచ్చు. థైరాయిడ్ మాత్ర, ఐరన్ సరిగా ఒంటపట్టకపోవచ్చు.

పీపీఐని ఆపకూడనివారు కూడా ఉన్నారు. గుండెకు స్టెంట్ వేయించుకుని, రక్తం గడ్డకట్టకుండా ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ రెండూ వాడుతూ, గతంలో పుండు నుంచి రక్తం కారిన మనిషి ఎవరో చెప్పారని పీపీఐ మానేస్తే మళ్ళీ రక్తం కారవచ్చు. ఆస్పిరిన్ మానేస్తే స్టెంట్ మూసుకుపోవచ్చు. అలాంటివారికి క్లోపిడోగ్రెల్ పనిని ఒమెప్రజోల్, ఎసొమెప్రజోల్ తగ్గిస్తాయి కాబట్టి సాధారణంగా పాంటోప్రజోల్ ఎంచుకుంటారు. పైలోరీ ఉందేమో కూడా ఒకసారి చూసి, ఉంటే తీసేస్తారు. గుండె డాక్టరు చీటీ, కడుపు డాక్టరు చీటీ రెండూ ఒకే చేతిలో ఉండి, రెండో డాక్టరుకు మొదటిది చూపించకపోవడం వల్ల జరిగే పొరపాట్లే ఇక్కడ ఎక్కువ.